టార్చిలైటు కథ

బెజవాడ నుండి గుడివాడ మీదుగా బందరు పోయే రైలు, ప్రయాణం ముగించబోయే ముందు ఒక చిన్న స్టేషనులో ఆగుతుంది. ఆ స్టేషను చిలకలపూడి. ఆ పేరు వినగానే ఆంధ్రదేశంలో కొందరికి పాండురంగస్వామి జ్ఞప్తికి వస్తాడు; మరికొందరికి నగలు జ్ఞప్తికి వస్తాయి. భక్త నరసింహంగారు 1929లో ఆలయం నెలకొల్పినది మొదలు అది యాత్రాస్థలమైనది. నగల పేరు అంతకంటె దూరం ప్రాకినది. రాగి మీదనో ఇత్తడి మీదనో పలుచని బంగారు పొర ఎక్కించి అక్కడి పనివారు చేసే గాజులూ, గొలుసులూ, హారాలూ ‘చిలకలపూడి బంగారం’ అనే పేరుతో ఊరూర అమ్ముడుపోయినవి. మెరుపే గాని సరుకు లేని దానికి ఆ పేరు తగిలించి ఎగతాళి చేయుట కూడ మనవారికి అలవాటైనది.

ఆ ఎగతాళి న్యాయం కాదని మా అభిప్రాయం. ఆ నగ కొన్న ఇల్లాలు దానిని మేలిమి బంగారమని భ్రమించి కొనలేదు. ఒక పెండ్లికి పనికివస్తే చాలుననుకొని కొన్నది. అది నాలుగు పెండ్లిండ్లు చూచి, ఆపైన కూతురి మెడకు కూడ వచ్చినదంటే, మోసపోయినది ఆమె కాదు, ఆమె అంచనా. వస్తువును గూర్చి మనం వేసుకొన్న అంచనా తక్కువై, వస్తువు ఎక్కువగా నిలిచిన సందర్భాలు చరిత్రలో అరుదుగా వ్రాయబడినవి. రాజుల ఖడ్గాలను గూర్చి వ్రాసినవారు కలరు గాని, ఇత్తడి గొట్టాలను గూర్చి వ్రాసినవారు కానరారు. ఈ ప్రసంగం అటువంటి ఒక ఇత్తడి గొట్టాన్ని గూర్చినదే. దాని మీద కూడ ఒక తెల్లని పూత ఉండేది. మన పల్లెలలో దానిని బ్యాటరీ లైటు అనేవారు. పట్నవాసులు టార్చిలైటు అన్నారు.

కార్తిక పూర్ణిమనాడు చిలకలపూడిలో పాండురంగని దర్శించి, మంగినపూడి తీరాన సముద్రస్నానం చేయుటకు జనం తెల్లవారుజాముననే బయలుదేరుతారు. పున్నమి రాత్రికి దీపమెందుకని ఎవరైనా అడుగవచ్చును. కార్తికం మన తీరంలో తుఫానుల మాసం. మబ్బు ఎప్పుడు కమ్ముకొంటుందో తెలియదు గనుక, చంద్రుని నమ్మి ఇల్లు వెడలిన బందరు వాస్తవ్యులు తక్కువ. అందుచేత ఆ యాత్రలో ఎవరో ఒకరి చేతిలో టార్చి ఉండనే ఉంటుంది.

దానికి ముందు మన రాత్రుల వెలుగు అంతా నిప్పే. ఇంటిలో ఆముదపు ప్రమిద, ఆ తరువాత కిరసనాయిలు బుడ్డి; బయట కాగడా, దివిటీ; పెండ్లి ఊరేగింపులో పెట్రోమాక్సు. ఇవి అన్నీ గాలికి తలవంచేవే. గాజు చిమ్నీ గల హరికేను లాంతరు కొంత మెరుగు. పేరులోనే తుఫాను ఉన్నది గాని, ఆ పేరు పెట్టినవారు దానిని బందరు రేవులో కార్తికమాసపు గాలికి నిలిపి చూచినట్లు లేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఆ తీరం మీద ఉప్పెన విరుచుకొనిపడినది. సముద్రం మైళ్ళకొలది లోపలికి వచ్చినది. సుమారు 30,000 మంది ప్రాణాలు కోల్పోయినట్లు చరిత్రకారులు లెక్క వేసినారు. ఆ గాలిలో నిలువగల దీపం అప్పటికి లోకంలో ఎక్కడా పుట్టలేదు. జనం చీకటిలోనే పరుగెత్తినారు. ఎటు పరుగెత్తవలెనో చూపే వెలుగు ఎవరి చేతిలోను లేదు.

ఉప్పెన ఏ తరానికో ఒకసారి వచ్చే విపత్తు. పల్లెవాని చేతికి దీపం కావలసిన కారణం మరొకటి ఉన్నది. అది ప్రతి యేటా, ప్రతి రాత్రీ ఉన్నది. ఆ కారణాన్ని మనకు తెచ్చిపెట్టినది కృష్ణా ఆనకట్ట. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన ఆ ఆనకట్ట వలన కాలువలు వచ్చినవి, కాలువల వలన వరి వచ్చినది, వరి వలన ఈ సీమ అన్నపూర్ణ అయినది. ఇదంతా మన పాఠ్యపుస్తకాలలో ఉన్నది. పుస్తకాలలో లేనిది ఒకటి ఉన్నది: కాలువ నీరు రాత్రివేళ కూడ పారుతుంది. ఎగువ గ్రామాలవారు పగలు తమ మడులు నింపుకొన్న తరువాత, శివారు భూములకు నీరు చేరేసరికి ఏ అర్ధరాత్రియో అవుతుంది. దివిసీమ అంతా అటువంటి శివారు సీమ. పులిగడ్డ వద్ద కృష్ణ పాయను దాటి కాలువ నీరు అవతలికి పోవుటకు అక్విడక్టు కట్టవలసి వచ్చిన చోటు అది. అక్కడి రైతు పార భుజాన వేసుకొని, రాత్రి రెండవ జాములో గట్టు వెంట పోయి, తన మడవ తెరచుకొని, తిరిగి వచ్చే లోపల పైవాడు దానిని మూసివేయకుండ కాపలా కాయవలెను. ఒక చేత పార, ఒక చేత కర్ర ఉన్న మనిషికి లాంతరు పట్టుకొనుటకు మూడవ చేయి లేదు. లాంతరు వెలుగు కూడ నాలుగు దిక్కులకు చెదిరిపోతుంది. పట్టుకొన్నవాని కన్నులలో పడుతుంది. అడుగు వేయబోయే చోట మాత్రం లాంతరు అడుగు నీడయే ఉంటుంది.

ఆ నీడలో పాము ఉంటుంది. వరిచేలలో ఎలుకలు, కప్పలు ఉన్నంత కాలం రక్తపింజరి ఉంటుంది, త్రాచు ఉంటుంది. గట్ల మీద, గడ్డివాములలో కట్లపాము ఉంటుంది. 2000 మొదలు 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన 12 లక్షల మంది, అనగా సగటున ఏటా 58,000 మంది, మరణించినారని 2020లో వెలువడిన ఒక పరిశోధన తేల్చినది. అందులో సగం మరణాలు జూను, సెప్టెంబరు నెలల మధ్య సంభవించినవే. నాట్లు వేసే కాలమూ అదే, నీరు కట్టే కాలమూ అదే. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు విపరీతమై, అవనిగడ్డ ఆసుపత్రి రోగులతో నిండినది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిలో సర్పశాంతి యాగం కూడ జరిపించినారు. ఇంత దగ్గర కాలంలోనే ఇట్లున్నదంటే, ఆసుపత్రీ లేక, విరుగుడు మందూ లేక, గుడ్డివెలుగు లాంతరు ఒకటే ఉన్న రోజులలో ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును.

ఇక మన టార్చి పుట్టుక చూతము. పుట్టినప్పుడు దానికి ఈ బరువైన పనులేవీ తెలియవు. అది ఆటవస్తువుగా పుట్టినది. ఫ్రాన్సు దేశీయుడైన లెక్లాంషే 1866లో చేసిన విద్యుద్ఘటం గాజుపాత్రలో ద్రవం పోసి నిలబెట్టేది. చేతబట్టుకొని నడచుటకు పనికిరాదు. 1886లో గాస్నరు అనే జర్మను వైద్యుడు ఆ ద్రవాన్ని ముద్దగా చేసి, తుత్తునాగపు డబ్బాలో కూరి, పొడి ఘటాన్ని తయారుచేసినాడు. దీనిలోని ద్రవ్యాలు మనకు పరాయివి కావు. కళాయివాడు వేడి గిన్నెలో చల్లగానే తెల్లని పొగ లేచే నవసాగరమే ఆ ముద్దలోనిది. మాంగనీసు నల్లపొడి సంగతి చెప్పవలెనంటే, ఆ ఖనిజాన్ని భారతదేశంలో మొట్టమొదట త్రవ్వినది మన విజయనగరం ప్రాంతంలోనే, 1892లో. ఐతే అది చాలవరకు ఉక్కు కొలుములకే పోయినది. నడుమ నిలిచేది బొగ్గుకడ్డీ. అయిపోయిన సెల్లును పగులగొట్టి ఆ కడ్డీతో గోడల మీద వ్రాసి, తిట్లు తిన్న బాల్యం ఈ ప్రసంగం చదివే పెద్దలలో అనేకులకు ఉండి ఉంటుంది.

ఈ పొడి ఘటాలను మూడింటిని ఒకదాని వెనుక ఒకటి కాగితపు గొట్టంలో అమర్చి, మొగమున చిన్న బల్బును, దాని వెనుక ఇత్తడి దర్పణాన్ని పెట్టినవాడు డేవిడ్ మైసెల్. 1899 జనవరి 10వ తేదీన అమెరికాలో దానికి పేటెంటు లభించినది. ఆ హక్కులు పొంది వ్యాపారం చేసినవాడు కాన్రాడ్ హ్యూబర్టు. మిన్‌స్కు నుండి వలసవచ్చి, న్యూయార్కులో విద్యుత్తుతో వెలిగే వింత వస్తువులు అమ్ముకొనేవాడు. వాని అంగడిలో టార్చి కూడ ఒక వింత వస్తువే. ఆనాటి బల్బులో ఉన్నది బొగ్గు తీగ. అది విద్యుత్తును ఆబగా త్రాగుతుంది. ఆనాటి సెల్లులు బలహీనమైనవి. అందుచేత బొత్తాం నొక్కితే దీపం ఒక్కసారి తళుక్కుమని, వెంటనే చేయి తీయవలసి వచ్చేది. అమెరికావారు దానికి ‘ఫ్లాష్ లైటు’ అని పేరు పెట్టుటకు కారణం ఇదే. తళుకు దీపమన్నమాట. పేరులోనే తన లోపాన్ని ఒప్పుకొన్న వస్తువు ఇంతకంటె మరొకటి మాకు కనిపించలేదు. హ్యూబర్టు కంపెనీ కొన్ని దీపాలను న్యూయార్కు పోలీసులకు ఉచితంగా ఇచ్చినది. రాత్రి గస్తీ తిరిగేవారు వాటిని మెచ్చుకొన్నారు. టార్చి జాతకంలో మొదటి శుభగ్రహం ఆ మెప్పు. ఆ తరువాత 1910 ప్రాంతాలలో టంగ్‌స్టను తీగ బల్బులు రావడంతో తళుకు దీపం నిలుకడ దీపమైనది. పేరు మాత్రం మారలేదు.

రేడియో గల ఇండ్లవారికి ఇక్కడ ఒక ముచ్చట మనవి చేయవలెను. హ్యూబర్టు అంగడి క్రమంగా ఎవరెడీ అనే పేరుగల పెద్ద బ్యాటరీ సంస్థలో కలిసినది. ఆనాటి రేడియో పెట్టెలకు కూడ బ్యాటరీలే ప్రాణం. రేడియో వినేవారు పెరిగితే బ్యాటరీల అమ్మకం పెరుగుతుందని గ్రహించి, 1923లో ఆ సంస్థ న్యూయార్కు రేడియో కేంద్రం నుండి ‘ఎవరెడీ అవరు’ అనే వినోద కార్యక్రమాన్ని తన ఖర్చుతో ప్రసారం చేయించినది. వ్యాపారస్థులు భరించి నడిపిన రేడియో కార్యక్రమాలలో అది తొలి వరుసలోనిది. ఆ విధంగా టార్చిలైటు, రేడియో ఒకే ఇంట పెరిగిన బిడ్డలు. మన దేశంలో వీరిద్దరి బంధుత్వం ఇంకొక విధంగా బలపడినది. ఆ సంగతి ముందు వస్తుంది.

మన దేశానికి టార్చి ఓడలలో వచ్చినది. అమెరికా నుండి వచ్చినది, జర్మనీ నుండి వచ్చినది, హాంకాంగు నుండి చౌకగా వచ్చినది. ఎవరెడీవారు 1934లో కలకత్తాలో భారతీయ కంపెనీని స్థాపించినారు. అది 1941లో నేషనల్ కార్బన్ కంపెనీగాను, ఆ తరువాత 1959లో యూనియన్ కార్బైడు ఇండియాగాను పేరు మార్చుకొన్నది. 1958లో లక్నోలో టార్చిలైట్ల కర్మాగారం ఏర్పడినది. అలహాబాదు నుండి జీప్ టార్చిలు వచ్చినవి. సెల్లుల విషయంలో మన నెల్లూరు సీమ కూడ ముందుకు వచ్చినది: 1972లో స్థాపితమైన ఇండో నేషనల్ సంస్థ జపాను వారి సహకారంతో నిప్పో సెల్లులు తయారుచేసినది. ఎవరెడీ సెల్లు మీద తొమ్మిది అంకె నడుమ నుండి దూకే పిల్లి బొమ్మ ఉండేది. తొమ్మిది ప్రాణాలు గల పిల్లి అని దాని భావం. పిల్లి ఎదురైతే కాళ్ళు కడుగుకొని కూర్చుండే మనవారు, పిల్లి బొమ్మ గల సెల్లులను నింపుకొని అర్ధరాత్రి ప్రయాణాలు చేసినారు. అవసరం శకునాన్ని జయించినది.

యూనియన్ కార్బైడు అనే పేరు చెప్పి ముందుకు సాగిపోవుటకు మాకు మనసు ఒప్పుట లేదు. పల్లెపల్లెకు సెల్లులు పంపిన ఆ సంస్థ భోపాలులో నడిపిన మరొక కర్మాగారం నుండి 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి విషవాయువు వెలువడి వేల మంది మరణించినారు. బ్యాటరీల వ్యాపారం 1994లో వేరొకరి చేతికి మారినది. మరుసటి యేట పేరు కూడ మారినది. చేతిలోని సెల్లు ఎంత మంచిదైనను, ఈ సంగతి దాని చరిత్రలోనిదే.

మన పల్లెలలో టార్చి మొదట దర్జా వస్తువు. మోతుబరి రైతు చేతిలోనో, కరణంగారి చేతిలోనో కనిపించేది. పొడవు చూచి హోదా కట్టేవారు. ఐదు సెల్లుల టార్చి ముందు రెండు సెల్లుల టార్చి చిన్నబోయేది. తల త్రిప్పితే వెలుగు విప్పారుట, మరల బిగుసుకొనుట చూచుటకు పిల్లలు గుమిగూడేవారు. టూరింగు టాకీసులో ఆట మొదలైన తరువాత వచ్చినవారికి చోటు చూపే గేటు మనిషి చేతిలో అది రాజదండమే. ఇంతటి ఆర్భాటంలోను, దానిని కొన్నవారికి దాని మీద నమ్మకం అంతంతమాత్రం. బల్బు మాడిపోతుంది, సెల్లు కారిపోతుంది, నీరు దిగితే పాడవుతుంది, ఇది మూన్నాళ్ళ ముచ్చట అనుకొన్నారు. అందుచేతనే టార్చి కొన్న ఇంటిలో కూడ లాంతరుకు గాజు తుడుచుట మానలేదు.

ఆ అనుమానం ఎందువలన తప్పు అయినదో ఆలోచించినప్పుడు మాకు మొదట కనిపించినది ఇత్తడి. బందరు గాలిలో ఉప్పు ఉన్నది. ఇనుప రేకు వస్తువు ఆ గాలికి రెండేండ్లలో త్రుప్పు పట్టి చిల్లులు పడుతుంది. ఇత్తడి అట్లు కాదు. పైనున్న తెల్లని పూత చేతి రాపిడికి పోతుంది. లోపలి పసుపు వన్నె బయటపడుతుంది. చూపు తగ్గుతుంది గాని, గొట్టం చెక్కుచెదరదు. పూత పోయిన తరువాత మిగిలినది కూడ పనివాడే అన్నమాట. చాల టార్చిలకు అడుగు మూతలో, స్ప్రింగు నడుమ, మరొక బల్బు దాచుకొనే చోటు ఉండేది. నడిరాత్రి గట్టు మీద బల్బు మాడితే చేతితడుముడున మార్చుకొనవచ్చును. ఏ ఇంజనీరు ఆ ఏర్పాటు చేసినాడో గాని, వాడు ఒక్కసారైనా చీకటిలో నిలిచి ఉంటాడు.

ఇక సెల్లు. టార్చి రాత్రి ఆరిపోయి, తెల్లవారి చూస్తే మరల వెలుగుట అందరూ ఎరిగినదే. దీనిని పల్లెలలో సెల్లు ‘తేరుకొన్నది’ అనేవారు. ఇది సత్యం. సెల్లు పనిచేసేటప్పుడు బొగ్గుకడ్డీ చుట్టు ఉదజని పేరుకొని విద్యుత్తుకు అడ్డుపడుతుంది. మాంగనీసు పొడి దానిని హరిస్తుంది గాని, నెమ్మదిగా హరిస్తుంది. విరామమిస్తే ఆ పని పూర్తియై, కాడి దింపిన ఎద్దు వలె సెల్లు మరికొంత దూరం నడుస్తుంది. ఎండలో పెట్టిన సెల్లు కొంతసేపు ప్రకాశించుటకు కారణం వేడికి రసాయన క్రియ చురుకగుట. అది అప్పు తెచ్చిన బలమే గాని ఆర్జించినది కాదు. మన రైతులు రసాయన శాస్త్రం చదువకనే దీనిని కనుగొన్నారు. ఎడతెగక వెలిగించక, అడుగు పడే చోట ఒక క్షణం నొక్కి, దారి చూచుకొని, ఆర్పి, పది అడుగులు నడచి, మరల నొక్కేవారు. సెల్లు ఖరీదు భయం వారికి నేర్పిన ఈ పద్ధతియే సెల్లుకు దీర్ఘాయువు పోసినది. 1899లో లోపమనిపించుకొన్న తళుకు, కృష్ణా గట్ల మీద ఒక నేర్పు అయినది. రెండు సెల్లుల టార్చిని సంచిలో వేసుకొనేటప్పుడు బొత్తాం పొరపాటున కదలి వెలుగకుండ ఒక సెల్లును తలక్రిందు చేసి పెట్టుకొనుట కూడ అటువంటి నేర్పే.

పాడైన టార్చికి వైద్యులు బజారు మూలలోనే ఉండేవారు. గొడుగులు, తాళాలు బాగుచేసే మనిషియే గరుకు కాగితంతో మొనలు రుద్ది, స్ప్రింగు సాగదీసి, బొత్తాం క్రింది రేకు వంచి, కొద్దిపాటి కూలికి దానిని బ్రతికించి ఇచ్చేవాడు. సెల్లు కారి గొట్టంలో ఇరుకుకొన్నప్పుడు మాత్రం వాని ఓర్పుకు పరీక్ష. లోపల ఉన్నది రెండు రేకులు, ఒక స్ప్రింగు, ఒక బల్బు. విప్పితే ఎవరికైనను అర్థమయ్యే యంత్రమది. తన లోపలి సంగతి యజమానికి తెలియనిచ్చిన వస్తువు గనుకనే అది ఇన్నేండ్లు నిలిచినదని మా తలంపు.

ఇక ముందు చెప్పెదమన్న బంధుత్వం. ట్రాన్సిస్టరు రేడియోలు మన పల్లెలకు వచ్చిన తరువాత టార్చి సెల్లుకు రెండవ జన్మ దొరికినది. టార్చి బల్బు ఆంపియరులో మూడవ వంతో, సగమో కోరుతుంది. నెమ్మదిగా మ్రోగే ట్రాన్సిస్టరు దానిలో పదవ వంతు దొరికినను తృప్తిపడుతుంది. అందుచేత టార్చిలో ఎఱ్ఱబడి మసకబారిన సెల్లులను పారవేయక, రేడియోలో వేసి మరికొన్ని వారాలు వార్తలు, వ్యవసాయ కార్యక్రమం, నాటకాలు వినేవారు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రం వెలసిన తరువాత ఈ సీమలో మా గొంతులను మోసిన సెల్లులలో ఎన్ని అంతకు ముందు పాములను చూచి వచ్చినవో! రేడియోకు లైసెన్సు కావలసిన ఆ రోజులలో టార్చికి మాత్రం ఏ లైసెన్సూ అక్కరలేదు.

1977 నవంబరు 19వ తేదీన ఈ రెండు వస్తువుల విలువా, వాటి పరిమితీ ఒక్కసారిగా తేటపడినవి. ఆనాటి తుఫానులో దివిసీమ మీదికి సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున వచ్చినది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి గ్రామాలు తుడిచిపెట్టుకొనిపోయినవి. ప్రభుత్వ లెక్కలలోనే మృతులు దాదాపు 10,000 మంది. వాతావరణ హెచ్చరికలు లేకపోలేదు. ఐతే హెచ్చరిక విన్నవారి కంటె విననివారే తీరాన ఎక్కువ. అటువంటి నీటి ముందు టార్చి ఏమి చేయగలదు? ఏమీ చేయలేదు. దానిని పొగడబోయి ఈ మాట దాచుట తప్పు. ఐతే ఉప్పెన వచ్చుటకు ముందు కొన్ని గంటలు ఉంటాయి. వచ్చి పోయిన తరువాత కొన్ని రాత్రులు ఉంటాయి. ఆ గంటలలో రేడియో, ఆ రాత్రులలో టార్చి ఉండవలెను. 1977 తరువాత తుఫాను జాగ్రత్తల జాబితాలను మేము ఎన్నోమార్లు చదివినాము. వాటిలో త్రాగునీరు, అటుకుల వంటి ఆహారంతోపాటు బ్యాటరీతో నడిచే రేడియో, టార్చి, అదనపు సెల్లులు తప్పక ఉంటాయి. 1990 మే 9న మరల అంతటి తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గరలోనే తీరం దాటినది. ఈసారి ముందుగానే లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించినారు. మృతుల సంఖ్య వేయికి లోబడి నిలిచినది. అది వాతావరణ శాఖ, అధికారులు, స్వచ్ఛంద సేవకులు కలిసి సాధించిన ఫలితం. అందులో టార్చి వంతు ఎంత అని లెక్కించుటకు వీలులేదు గాని, చీకటిలో ముసలివారిని, పిల్లలను గట్టు ఎక్కించినవారికి ఆ వంతు తెలుసు.

తరువాతి కథ వేగంగా సాగినది. నీలి కాంతి నిచ్చే చిన్న దీపాన్ని 1990లలో సాధించిన జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురా గార్లకు 2014లో నోబెలు బహుమానం వచ్చినది. దాని నుండియే తెల్లని ఎల్.ఇ.డి. పుట్టినది. చౌక ప్లాస్టిక్కు టార్చిలు అంగళ్ళను నింపినవి. టార్చి టెలిఫోనులోనికి కూడ చొరబడినది. 2003లో వచ్చిన నోకియా 1100 అనే చిన్న ఫోను నెత్తిన ఒక దీపం ఉండేది. మన దేశం వంటి చోట్ల దుమ్ముకు, చెమటకు, చీకటికి తట్టుకొనుటకని దానిని రూపొందించినారు. లోకమంతట 25 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. మాట్లాడుటకని కొన్నవారు దానితో మడవలు చూచుకొన్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను ముంచెత్తినప్పుడు కరెంటు పోయినది, ఫోనులు మూగపోయినవి. ఆ రాత్రులలో ఎందరి చేతులలోనో ఫోను తన అసలు పని మాని, చార్జి ఉన్నంతసేపు టార్చిగా మాత్రమే మిగిలినది.

మా ఇంటిలో రెండు సెల్లుల ఇత్తడి టార్చి ఒకటి ఉన్నది. పూత పోయి పచ్చబడినది. ఎప్పుడో కాలువ రేవు మెట్ల మీద పడి దర్పణానికి సొట్ట పడినది. ఈ ప్రసంగం వ్రాయుటకు దానిని అటక మీద నుండి దింపి, చింతపండుతో తోమి, లోపలి తెల్లని పొక్కును గీకివేసి, మొనలు రుద్దినాము. పాత మర బల్బు మాడిపోయి ఉన్నది. బజారులో అదే మరకు సరిపోయే ఎల్.ఇ.డి. బల్బు దొరికినది. సెల్లులు వేసి బొత్తాం ముందుకు తోసినాము. వెలుగలేదు. మరల రుద్ది, స్ప్రింగు సాగదీసి చూచినాము. అప్పటికిని వెలుగలేదు. విప్పి చూస్తే, పాత అలవాటున మా చేయి ఒక సెల్లును తలక్రిందుగా పెట్టినది. సరిచేసి నొక్కినాము. ఎదుటి గోడ మీద తెల్లని వెలుగు పడినది. దాని అంచున, ఎడమవైపు, కాలువ రేవునాటి సొట్ట నీడ పూర్వం ఉన్న చోటనే ఉన్నది.